నడిసముద్రంలో తోలుబొమ్మల మహాసభ

సోంఖ్లా సరస్సు ఒడ్డున ఛ్వాయ్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పుల్లమామిడి తురుము కలిపిన అన్నం ఒక పళ్ళెం తినాలి. అది అరిగేలోపు మహాసభకు ఊరు ఖాయం చేయాలి. తర్వాత పడుకోవాలి. మూడింట్లో మొదటిదీ చివరిదీ ఎప్పటిలాగే దిగ్విజయంగా జరిగాయి.

ఛ్వాయ్ డెబ్బై నాలుగేళ్ళ తోలుబొమ్మలాట గురువు. మూడు దేశాల బొమ్మలాటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడు కూడా. ఆ కుర్చీ ఇంకెవరూ అడగలేదు కాబట్టి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ముప్పై ఏళ్ళ కిందట ప్రభుత్వంలోని ఒక పెద్దాయన ఒకే వంతెనకు మూడుసార్లు రిబ్బను కత్తిరించాడు. వంతెన మాత్రం లేదు. దాని మీద ఛ్వాయ్‌కి ఒక మాట తట్టింది. పైకి అంటే జైలు. అందుకని మింగేశాడు. ఇప్పుడు వైద్యుడు గొంతు చూసి, ఇక ఒక ఏడాది పలికితే గొప్ప అన్నాడు. ఆ గొంతు పోయేలోగా తన హాస్యగాడి బొమ్మ, బానపొట్ట ఐ థుయి నోటివెంట ఆ మాట ఒక్కసారి సూటిగా అనిపించాలి. మహాసభంతా అందుకే.

"నేను తొమ్మిది నెలలకొకర్ని చొప్పున ముగ్గుర్ని కని పెంచేశాను," అంది భార్య లమై. "ఈయనకు ముప్పై ఏళ్ళయినా నొప్పులే రాలేదు."

మామూలుగా మహాసభ మా ఊళ్ళో అంటే మా ఊళ్ళో అని మావాళ్ళు కొట్టుకుంటారు. ఈసారి అందరికీ ఎక్కడలేని మర్యాద ముంచుకొచ్చింది.

"ఆ గౌరవం మీకే దక్కాలన్నా," అన్నాడు సరిహద్దు అవతలి నుంచి జెలానీ ఫోనులో. "మా ఊళ్ళో అయితే ఏం మాట్లాడతామో ముందే రాసివ్వాలి."

"మా దగ్గర రాసివ్వక్కర్లేదు," అన్నాడు జావా నుంచి వాగిమాన్ తాత. "మాట్లాడాక వాళ్ళే రాసుకుంటారు."

"మా దగ్గర రెండూ ఉన్నాయి," అని నిట్టూర్చాడు ఛ్వాయ్.

చివరికి మావాళ్ళెవరి ఊరూ కాని ఒక దీవిలో హోటలు దొరికింది. అద్దె చవక. అనుమతి దరఖాస్తుతో పాటు మాట్లాడకూడని విషయాల జాబితా నాలుగు పేజీలు వచ్చింది. లమై కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"ఇందులో బాతులు లేవు ముసలాయనా. హాయిగా బాతుల గురించి చెప్పుకో."

"నేను సూటిగా అనాలే! బాతులు కాచుకునేవాడిలా కనిపిస్తున్నానా?"

"వాటికైతే చెప్పినమాట వినే గుణం ఉంటుంది," అందామె.

దరఖాస్తులో 'ప్రసంగించువారి పేరు' అని ఒక గడి ఉంది. మా ఆటలో మాట ఎప్పుడూ బొమ్మదే. ఆడించేవాడు తెర వెనక లేనట్టే లెక్క. హాస్యగాడి మాటకు ఆడించేవాడు తన పేరు పెట్టుకోవడం గురుద్రోహం. అందుకని ఛ్వాయ్ నిష్ఠగా రాశాడు: 'ఐ థుయి. వయసు నూట పది. వృత్తి తినడం. నివాసం పెట్టె.' ఆయనతో కలిపి సంఘంలోని పదకొండు మంది గురువులూ తమ తమ హాస్యగాళ్ళ పేర్లు అలాగే రాశారు.

వారంలో జవాబొచ్చింది. పదకొండు మంది వక్తలూ స్వయంగా వచ్చి ఫోటో దిగాలట. ఛ్వాయ్ పడవెక్కి వెళ్ళి ఐ థుయిని ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టాడు. గుమాస్తా దాని ముఖానికి ఎదురుగా నిలబడి ఫోటో తీశాడు. పక్కకు చూసే పలచని తోలుబొమ్మ కదా, ఒక నిలువుగీత తప్ప ఏమీ పడలేదు. 'అభ్యర్థి ముఖం సహకరించలేదు' అని రాసి దరఖాస్తు తిప్పి పంపాడు.

"ఏ చట్టమూ లేనిచోట పెడదామన్నా," అన్నాడు జెలానీ. "మా బావమరిదికి కణవ చేపలు పట్టే పడవుంది. నడిసముద్రంలో ఎవడి చట్టం? చేపలది."

అందరికీ నచ్చింది. ఈత ఎవరికొచ్చని మాత్రం ఎవరూ అడగలేదు. రేవులో ప్రయాణికుల జాబితా ఇమ్మంటే ఛ్వాయ్ పాత దరఖాస్తునే నకలు తీసి, పదకొండు మంది గురువులనూ లమైనీ కలిపి ఇచ్చేశాడు. మొత్తం ఇరవై మూడు పేర్లు.

ఒడ్డు కనుమరుగయ్యేసరికి సగం సంఘం పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకుంటోంది. వాగిమాన్ తాత తాడు చుట్ట మీద పడుకుని వీలునామా చెబుతున్నాడు. పొద్దు వాలుతుండగా స్తంభానికి తెల్లబట్ట కట్టి, దీపం వెలిగించారు. ఛ్వాయ్ ఐ థుయి దవడ దారం లాగాడు. పెద్దాయన పేరూ ఊరూ వంతెనా రిబ్బనూ, ముప్పై ఏళ్ళ మాటంతా దాపరికం లేకుండా అనేశాడు.

ఒక్కరూ నవ్వలేదు.

"ఆయనెవరు, అన్నా?" అన్నాడు జెలానీ మర్యాదగా.

"పోయాడేమో కదా?" అన్నారింకెవరో.

"ఆ వంతెన ఆమధ్య కట్టేశారు కూడా," అంది లమై. "మొన్న నువ్వు దానిమీంచే దంతవైద్యుడి దగ్గరికెళ్ళావు."

ఛ్వాయ్ బొమ్మ దించలేదు, తల దించాడు. అంతలోనే గస్తీ పడవ వచ్చి ఆనుకుంది. టోపీ పెట్టుకున్న అధికారి, నలుగురు జవాన్లు ఎక్కారు.

"జాబితాలో ఇరవై ముగ్గురు. పడవవాళ్ళు కాక ఇక్కడ పన్నెండు మందే ఉన్నారు," అన్నాడు అధికారి. "మిగతా పదకొండు మందినీ ఎక్కడ దింపారు? నీళ్ళలో తోశారా?"

పెద్దవాళ్ళు గద్దిస్తే మా గురువులకు నోరు పెగలదు. చేతిలోని బొమ్మకే పెగులుతుంది. "నేనిక్కడే ఉన్నానయ్యా!" అంది ఐ థుయి. "మిగతావాళ్ళు పెట్టెలో పడుకున్నారు. వాళ్ళకు ఈత రాదు."

"ఇందాక వంతెనంటూ ఏదో అంటున్నావేం?"

భయంతో ఛ్వాయ్ బుర్ర ఖాళీ అయింది. అందులో లమై మాట ఒక్కటే మిగిలింది.

"వంతెన కాదయ్యా, బాతు! మా పేటలో ఓ పెద్ద బాతుంది. చెరువు ప్రారంభమని మూడుసార్లు కొబ్బరికాయ కొట్టింది. చెరువింకా తవ్వలేదు. పిల్లబాతులు మాత్రం ఈత నేర్చేసుకున్నాయి, గడ్డిలో. మొన్నొకటి మునిగిపోయింది కూడా!"

జెలానీ ముందుగా పకపకా నవ్వాడు. తర్వాత పడవంతా. వాగిమాన్ తాత వీలునామా ఆపి పొట్ట పట్టుకున్నాడు. జవాన్లు సముద్రం వైపు తిరిగారు, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. ముప్పై ఏళ్ళకు ఛ్వాయ్‌కి నొప్పులూ పురుడూ ఒక్కసారే వచ్చాయి.

"ఎవరా బాతు?" అన్నాడు అధికారి, ముఖం బిగించి.

"బాతేనయ్యా," అంది ఐ థుయి.

అధికారి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మా కొత్త రేవుకూ అదే బాతు వచ్చింది. నాలుగుసార్లు."

వచ్చే ఏడాది మహాసభకు ఊరు ఐదు నిమిషాల్లో తేలిపోయింది. గస్తీవాళ్ళ భోజనశాల, అద్దె లేదు. అనుమతి పత్రంలో 'ప్రసంగ విషయం' అన్నచోట లమై స్వయంగా 'బాతుల పెంపకం' అని రాసింది. అనుమతి వెంటనే వచ్చింది. పశువుల శాఖ నేర్చుకోవడానికి ముగ్గురు అధికారులను పంపుతోందట.