త్రినాథరావు ఎత్తిన జెండా

ఆ ఉదయం త్రినాథరావు దేవుణ్ణి కోరుకున్నది ఒక్కటే. సాయంత్రానికల్లా స్లాబు పడాలి. మన్సూరాబాద్‌లో ఆయన కడుతున్న అపార్ట్‌మెంటు మొదటి స్లాబు దగ్గర ఆగి చాలా రోజులైంది. సకల జనుల సమ్మె రోజులవి. ఒకనాడు బంద్, ఒకనాడు రాస్తారోకో, ఏమీ లేనినాడు వాన. రాత్రి కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది. కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చింది, కూలీలు వచ్చారు, కొట్టిన కొబ్బరికాయ కూడా కుళ్ళిపోలేదు.

ఉదయలక్ష్మి కూడా వచ్చింది. ఇళ్ళు కట్టేచోట జరిగే ప్రమాదాల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ నుంచి బస్సుంటే బస్సులో, లేకపోతే షేర్ ఆటోలో, అదీ లేకపోతే కాళ్ళను నమ్ముకుని రోజూ వచ్చేది. ఆ పట్టుదల చూస్తే త్రినాథరావుకు ముచ్చటేసేది. ఆమె పెట్టిన నియమం తలుచుకుంటే మాత్రం ఒళ్ళు మండేది. మెట్ల దగ్గర ఒక ఎర్రజెండా ఉంచింది. పనిలో ఎవరికి భయం వేసినా దాన్ని ఎత్తొచ్చు. ఎత్తగానే అందరూ పని ఆపి బయటికి రావాలి. కారణం చూసి సరిచేసేదాకా మళ్ళీ మొదలెట్టకూడదు.

నెల దాటినా ఆ జెండాను ఒక్కరూ ముట్టుకోలేదు. "నేనెత్తితే రేపు నన్ను పన్లకు పిలుస్తరా అమ్మా?" అని మేస్త్రి అంతయ్య మొహమ్మీదే అడిగేశాడు. ఎవరూ ఎత్తకపోతే ఆమె పరిశోధనకు అర్థం లేదు. ఎవరైనా ఎత్తి పని ఆపితే ఆమెకు అక్కడ చోటు లేదని త్రినాథరావు ముందే చెప్పేశాడు. ఈలోగా జెండా ఎండకు ఎండి, వానకు తడిసి, రంగు కారిపోయి గులాబీ రంగుకు తిరిగింది. కొంప ముంచింది ఆ రంగే.

మిల్లరు తిరగడం మొదలైందో లేదో, ఎల్బీనగర్ వైపు నుంచి నినాదాలు వినిపించాయి. దారిలో పని జరుగుతున్న చోటల్లా ఆపించుకుంటూ ఊరేగింపు వస్తోందట. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ త్రినాథరావుకు గుండె జారిపోయింది. అప్పుడే చూపు జెండా మీద పడింది. ఆ రోజుల్లో గులాబీ రంగు ఎవరిదో పసిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. అది గేటు మీద కనిపిస్తే మనవాళ్ళేలే అనుకుని దాటిపోతారు, లోపలి పని లోపల సాగిపోతుంది! తన తెలివికి తనే మురిసిపోతూ జెండా అందుకుని, గేటెక్కి ఊపాడు.

పైనుంచి అంతయ్య చూశాడు. "అరే, సారే జెండ ఎత్తిండు! ఆపుండ్రి, అందరు దిగుండ్రి!"

మిల్లరు ఆగింది. తట్టలు కిందికి దిగాయి. ఉదయలక్ష్మి నేర్పింది నేర్పినట్టు, తోపులాట లేకుండా బారులు తీరి కూలీలంతా గేటు బయటికి నడిచారు. ఎంత చక్కగా నడిచారో! చూసి మెచ్చుకునే స్థితిలో త్రినాథరావు లేడు.

"అందుకు కాదురా నాయనా! పైకెక్కండ్రా!" అని ఆయన అరిచిన అరుపు నినాదాల్లో కలిసిపోయింది.

ఊరేగింపు ముందు నడుస్తున్న ఆటో సంఘం నాయకుడు శేఖర్ ఈ దృశ్యం చూసి పొంగిపోయాడు. "ఏంది భాయ్, ఆంధ్ర సారు జెండ పట్టిండు! కూలోళ్ళందర్ని తోల్కొచ్చిండు! గీ సారును జూసి నేర్చుకోవాలె!"

క్షణంలో మెడలో కండువా పడింది. ఇసుక కుప్ప ఎక్కించి మాట్లాడమన్నారు. ఎదురుగా టీవీ కెమెరా.

"అందరూ బావుండాలండీ," అన్నాడు త్రినాథరావు. చప్పట్లు. "ఎవరికీ ఏమీ కాకూడదండీ." ఈలలు.

జేబులో ఫోను మోగింది. భార్య ఇందిరాదేవి. "ఏవండీ, మీరు ఉద్యమంలో చేరారా? మా అన్నయ్య టీవీలో చూశాట్ట. ఇక మా ఊరు ఏ మొహం పెట్టుకుని వెళ్ళేది?"

ఫోను పెట్టేసరికి ఎదురుగా ఉదయలక్ష్మి. "జెండా ఎందుకెత్తారు సార్? కారణం చెబితే వెళ్ళి చూస్తాను."

శేఖర్ ఆయన భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. మిమ్మల్ని మాయచేద్దామని ఎత్తానంటే ఊరుకుంటాడా? త్రినాథరావు నోటికొచ్చింది అనేశాడు. "కింద సపోర్టులు ఎందుకో కదిలినట్టు అనిపించిందమ్మా."

"నిన్ననే చూసినం గద సార్, మంచిగనే ఉన్నయి," అన్నాడు అంతయ్య.

అయినా ఆమె స్లాబు కిందికి వెళ్ళి ఒక్కొక్క సపోర్టునూ చేత్తో కదిపి చూసింది. వెనక మూల రాత్రి వానకు మట్టి మెత్తబడి, సపోర్టులు కిందికి దిగిపోయాయి. ఒకటైతే పై పలకను తాకనే లేదు. వేలితో తోస్తే ఒరిగిపోయింది. వాటి మీద కాంక్రీటు బరువు, ఆ పైన ఇంతమంది మనుషులు! పొద్దున్న స్లాబు పడాలని మొక్కుకున్నాడు. దేవుడు ఆ మాటను ఇంకో అర్థంలో తీర్చబోయాడని త్రినాథరావుకు అప్పుడు తెలిసింది.

"నీకు దండం బెట్టాలె సారూ. గింతమంది పాణాలు కాపాడినవు," అన్నాడు శేఖర్.

జనం వెళ్ళాక త్రినాథరావు ఉండబట్టలేకపోయాడు. "సపోర్టుల సంగతి నాకు కల్లో కూడా తెలీదమ్మా. వాళ్ళకు భయపడి ఎత్తాను."

"తెలుసు సార్," ఉదయలక్ష్మి నవ్వింది. "భయం వేస్తే ఎత్తమన్నాను. ఏ భయమో చెప్పలేదుగా."

ఆ మాటకు ఆయనకు కళ్ళు చెమర్చాయి. తన అబద్ధంతో కూడా నిజం పలికించిన నియమం అది. దాన్ని పట్టుకుని ఇన్నాళ్ళు ఒంటరిగా నిలబడ్డ పిల్ల మీద గౌరవం పొంగుకొచ్చింది. "నీ పని పూర్తయ్యేదాకా ఇక్కడే ఉండమ్మా. ఎవరెత్తినా నేనేమీ అనను," అన్నాడు అంతయ్యకు వినపడేలా.

అంతయ్య విన్నాడు, అందరికీ చెప్పాడు. ఆ వారంలో జెండా మూడుసార్లు లేచింది. రెండుసార్లు నిజంగానే ప్రమాదం ఉంది; మూడోసారి టీ ఆలస్యమైంది.