ఉమ్మడి బీరువాలో అత్త కోటు

మానవజాతి కొన్ని వేల ఏళ్ళుగా బట్టల విషయంలో ఒకే పొరపాటు చేస్తూ వచ్చింది. వాటిని వేసుకుంది. వేసుకుంటే బట్టలు నలుగుతాయి, మాస్తాయి, మోచేతుల దగ్గర పలచబడతాయి, చివరికి మనిషి ఒంటికి అలవాటు పడిపోతాయి. ఈ దురలవాటు మాన్పించడానికే పెద్దలు ఆలోచించి మా ఊళ్ళో దుస్తుల వారసత్వ భాండాగారం స్థాపించారు. అక్కడ బట్టల్ని అద్దాల వెనక పెట్టారు. అయినా జనం వచ్చి అద్దంలోంచి చూస్తూనే ఉన్నారు. (చూపు వల్ల కూడా బట్ట అరుగుతుందని ఒక ఉపసంఘం అభిప్రాయపడింది. అరగదని ఎవరూ నిరూపించలేకపోయారు.) అందుకని బట్టలన్నిటికీ ఫొటోలు తీసి, దేశదేశాల భాండాగారాలన్నీ కలిసి పంచుకునే ఒక వెబ్‌సైటులోకి ఎక్కించాలని నిర్ణయించారు. దాని పేరు ఉమ్మడి బీరువా. ‘ఎవరైనా, ఎక్కడినుంచైనా, ముట్టుకోకుండా’ అన్నది దాని నినాదం.

మొదట రాణుల దుస్తులు ఎక్కించారు. తర్వాత నాటకాల వాళ్ళవి. అవన్నీ అయిపోయాక, మామూలు జనం ఏం వేసుకునేవారో కూడా భావితరాలకు తెలియాలని ఎవరికో తోచింది. భావితరాలు అడిగినట్టు ఎక్కడా ఆధారం లేదు గానీ, వద్దన్నట్టు కూడా లేదు. కాబట్టి భాండాగారపు డిజిటల్ అధికారి ఒకరోజు మామూలు జనాన్ని వెతుక్కుంటూ సిటీ బస్సెక్కాడు. టికెట్ ఇవ్వడానికి వచ్చిన కండక్టరు మా మేనత్త.

తెల్లవారుజామున డిపో నుంచి కదిలే మొదటి బస్సు అత్తది. ప్రతి స్టాపులోనూ తలుపు తెరుచుకుంటుంది, చలిగాలి టికెట్ లేకుండా ఎక్కుతుంది. డబ్బుల సంచీ ఏళ్ళ తరబడి వేలాడి ఆమె ఎడమ భుజం కుడిదానికంటే బాగా కిందికి దిగింది. కొన్న కోటేదీ ఆమెకు కుదరదు. ఒక పక్క జారిపోతుంది, ఇంకో పక్క మెడ పట్టేస్తుంది. దర్జీ అయిన మా మామయ్య ఆ భుజాన్ని ఏళ్ళపాటు చూసి, దానికి తగ్గట్టుగా ముదురు ఆకుపచ్చ ఉన్ని కోటు కుట్టాడు. ఎడమ భుజం దించాడు, కాలరు కాస్త పక్కకు జరిపాడు, సంచీ పట్టీ ఒరుసుకునే చోట లోపల ఇంకో పొర వేశాడు. ఆ తర్వాత ఆయన చేతికి వణుకు వచ్చింది. ఇప్పుడు జిప్పులు మారుస్తాడు, ప్యాంట్లు మడిచి కుడతాడు, కోట్ల జోలికి పోడు. అంటే అత్త ఒంటికి పట్టే కోటు లోకంలో అదొక్కటే. ఇంకోటి పుట్టే దారి లేదు.

అధికారి ఆ కోటును రెండు స్టాపుల పాటు చూసి, అది ‘శ్రమజీవుల ఏకపక్ష శైలి’కి అరుదైన ఉదాహరణ అని అత్తకు చెప్పాడు. అత్త అది చిల్లర గురించిన ఫిర్యాదు అనుకుని ముందు పట్టించుకోలేదు. విషయం అర్థమయ్యాక, చలి ముదిరేలోపు తిరిగిస్తారా అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఫొటో తీయడమే కదమ్మా, వారంలో ఇచ్చేస్తాం అన్నాడాయన.

చలికి వేసుకునే కోటును ముందుగా పెద్ద ఫ్రీజర్‌లో పెట్టారు. (పురుగులు చావడానికి. పురుగుల్లేవని అత్త చెప్పింది. లేవని పరీక్షలో తేలాలన్నారు. పరీక్ష ఫ్రీజర్ తర్వాతే.) బయటికి తీశాక కోటుకు బొమ్మను తొడిగారు. తొడిగింది కోటునే గానీ, కాగితాల్లో అలాగే రాశారు, ఎందుకంటే భాండాగారంలో బొమ్మకే హోదా ఎక్కువ. అది ఉమ్మడి బీరువా సభ్యదేశాలన్నీ కూర్చుని ఒప్పుకున్న కొలతల బొమ్మ. దాని భుజాలు బల్ల చెక్కలా తిన్నగా ఉంటాయి. అది ఏ బస్సులోనూ పని చేయలేదు.

ఆ బొమ్మ మీద అత్త కోటు ఒక పక్కకు ఒరిగి, ఎవరో పిలిస్తే ఆగినట్టుగా నిలబడింది. ఫొటోలు తీసే అమ్మాయి మంచిది. కోటు బాగానే ఉంది, తేడా బొమ్మలోనే ఉంది అని కంప్యూటర్లో రాయబోయింది. అలా రాయడానికి అందులో చోటు లేదు. తెర మీద మాత్రం ‘వంకర గుర్తించడమైనది, సరిచేయాలా?’ అన్న ప్రశ్న వచ్చింది. కింద రెండే జవాబులున్నాయి: ‘సరే’, ‘కాసేపాగి సరే’. ఆ అమ్మాయి మనస్సాక్షి ఉన్న మనిషి కాబట్టి రెండోది నొక్కింది. కంప్యూటర్ ఆమె భోజనానికి వెళ్ళేదాకా ఆగి, కోటును తిన్నగా చేసేసింది.

ఆ ఫొటో సాయంత్రానికల్లా దేశదేశాల బీరువాల్లోకి చేరింది. చాలామందికి నచ్చింది. ఎక్కడో ఒక ఆచార్యుడు, ఆ సమానమైన భుజాల్లో శ్రామిక స్త్రీ తలవంచని స్వభావం కనబడుతోందని వ్యాసం కూడా రాశాడు.

వారం తర్వాత అత్త డ్యూటీ దిగి కోటు కోసం వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. అధికారి గదిలో కాళ్ళ దగ్గర చిన్న హీటరు ఎర్రగా వెలుగుతోంది. కుర్చీ వెనక ఆయన స్వంత కోటు వేలాడుతోంది, దానికి నంబరు లేదు. ఆయన అత్త కోటును పెట్టెలోంచి తీసి బల్ల మీద పరిచి, పక్కన ఫొటో పెట్టి, రెండిటినీ చాలాసేపు మార్చి మార్చి చూశాడు. చివరికి, కోటు ఫొటోలా లేదని ప్రకటించాడు. వస్తువుకూ ఫొటోకూ తేడా వస్తే ఫొటోనే ప్రమాణం అన్నది పన్నెండో నిబంధన. ఫొటోను ప్రపంచమంతా చూసింది, కోటును చూసింది బస్సు జనమే కదా అన్నది దాని తర్కం. తేడా తొలగిపోయేదాకా కోటు గడప దాటడానికి వీల్లేదు.

“ఫొటో మార్చేయండి బాబూ” అంది అత్త.

“ఫొటో అన్ని దేశాలకూ వెళ్ళిపోయిందమ్మా. మారిస్తే అందరూ మార్చాలి. కోటైతే ఒక్కటే కదా, దాన్ని మార్చడం తేలిక. ఆ ఎడమ భుజం విప్పి, ఎత్తి కుట్టిస్తే సరిపోతుంది.”

“మరి నా భుజం?”

“భుజం మా సేకరణలోకి రాదమ్మా” అన్నాడాయన, నిజంగానే బాధపడుతూ.

అంతవరకూ ఊరడింపుగా ఉంటుందని అత్త ఫోనుకు ఒక లింకు పంపాడు. దాంట్లో కోటును ఏ వేళనైనా చూసుకోవచ్చు, దారం పోగు కనబడేంత పెద్దది చేసుకోవచ్చు. మర్నాడు తెల్లవారుజామున అత్త పాత శాలువా ఒకటి చుట్టుకుని, లింకుతో సహా మొదటి బస్సు ఎక్కింది. (ఎంత పెద్దది చేసినా కోటు వెచ్చబడలేదు. ఫోను మాత్రం కొంచెం వేడెక్కింది.) సాయంత్రానికి గొంతు బొంగురుపోయి, టికెట్ టికెట్ అన్నా ఎవరికీ వినబడలేదు. ఆరోజు చాలామంది జనం నిజాయితీ మీద ఆధారపడి ప్రయాణం చేశారు.

వెబ్‌సైటులో ఫిర్యాదు పెడదామని నేను కూర్చున్నాను. ఫిర్యాదు రకాలు మూడున్నాయి: ‘ఫొటో మసకగా ఉంది’, ‘ఫొటో చిన్నగా ఉంది’, ‘ఫొటో చాలా నచ్చింది’. మొదటి రెండూ అబద్ధాలు కాబట్టి మూడోది నొక్కి, కింద అసలు సంగతి వివరంగా రాశాను. మీ ప్రశంసకు కృతజ్ఞతలు అని జవాబొచ్చింది.

ఇంతలో కోటును సరిచేయడానికి ఉపసంఘం అనుమతిచ్చింది. ఒక్కటే షరతు. ప్రామాణికత దెబ్బతినకుండా ఉండాలంటే కోటును మొదట కుట్టిన మనిషే మళ్ళీ కుట్టాలి. ఆ మనిషి అజ్ఞాత వ్యక్తి అయితే ఎవరైనా కుట్టవచ్చు. (పాత బట్టలు కుట్టినవాళ్ళు సాధారణంగా అజ్ఞాతంగా ఉండే మర్యాద పాటిస్తారు.) మామయ్య ఆ మర్యాద పాటించలేదు. బస్టాండు వెనక సందులో, బోర్డు పెట్టుకుని మరీ బతికున్నాడు.

ఆ కబురు తెలిసిన రాత్రి అత్త అన్నం కంచం ముందు కూర్చుని మామయ్యను దులిపేసింది. తన కోటుకు ఆయన చేతే కత్తెర పెట్టిస్తారట, ఆయనేమో మజ్జిగ అడుగుతున్నాడు, ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క మనిషితోనైనా కుదరదు అని చెప్పారా అంది. మామయ్య మజ్జిగ తాగడం పూర్తి చేశాడు.

“నేనెప్పుడూ ఎవరికీ కుదరదు అని చెప్పలేదే. అందరికీ కుడతాననే చెప్పాను” అన్నాడు.

మర్నాడు అధికారి తెల్ల చేతితొడుగులు వేసుకుని, తెల్ల పెట్టెలో కోటు పెట్టుకుని, మామయ్య దుకాణానికి వచ్చాడు. మామయ్య కోటును అందుకుని టేపు పెట్టి కొలిచాడు, సుద్దముక్కతో గీత గీశాడు, ఫొటోను కళ్ళజోడు పైకెత్తి చూశాడు, కింద నుంచీ చూశాడు. చివరికి ఎంతో గౌరవంగా, మంగళవారం రండి సార్ అన్నాడు.

ఇక్కడ పాఠకులకు ఇంకో వ్యవస్థను గుర్తుచేయాలి. అది భాండాగారాల కంటే పాతది. దానికి ఉపసంఘాలు లేవు, వెబ్‌సైటు లేదు, నిబంధనల పుస్తకం లేదు. ఇంతవరకు దాన్ని ఓడించినవాళ్ళూ లేరు. దాన్ని దర్జీ దుకాణం అంటారు.

మంగళవారం అధికారి వచ్చాడు. అంతా అయిపోయింది సార్, కాజాలొక్కటే మిగిలాయి అన్నాడు మామయ్య. భుజం సవరణకూ కాజాలకూ ఏ సంబంధమూ లేదు, కానీ అలా అన్న తర్వాత ఎదురు ప్రశ్న వేసిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఆ తర్వాతి వారం కరెంటు లేదు. (మామయ్యది కాలితో తొక్కే మిషను.) ఆ తర్వాత ఆ రంగు దారం అయిపోయింది. ఆ తర్వాత కాలర్లు చూసే మనిషి పెళ్ళికి వెళ్ళాడు. ఆ దుకాణంలో మామయ్య తప్ప ఇంకెవరూ ఎన్నడూ పని చేయలేదు.

అధికారి ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఉద్యోగ జీవితమంతా జనాన్ని రేపు రమ్మన్న మనిషికి, ఆ మాట అంత అనుభవంతో ఇంకొకరి నోట వినడం ముచ్చటగా అనిపించి ఉండాలి. ప్రతిసారీ ఆఫీసుకు వెళ్ళి కోటు పేరుకెదురుగా ‘పని జరుగుతోంది’ అని రాసేవాడు. ఉమ్మడి బీరువాలో అన్నిటికంటే గౌరవమైన స్థితి అదే. పని పూర్తయిన వస్తువుల గురించి పైవాళ్ళు ఏదో ఒకటి అడుగుతారు. జరుగుతున్నవాటి గురించి అడగరు.

కోటు మాత్రం దుకాణానికి చేరిన మర్నాటి నుంచీ అత్త ఒంటి మీద, రోజూ తెల్లవారుజామున మొదటి బస్సులో తిరుగుతూనే ఉంది. అత్త గొంతు తేరుకుంది. జనం మళ్ళీ టికెట్లు కొనడం మొదలుపెట్టారు.

చలి బాగా ముదిరిన ఒక మధ్యాహ్నం అధికారి దుకాణంలో స్టూలు మీద కూర్చుని ఉండగా, డ్యూటీ దిగిన అత్త కోటుతోనే తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఊసుపోక అక్కడ కూర్చుని బొత్తాలు ఏరుతున్న నా చేతులు ఆగిపోయాయి. మామయ్య మిషను కూడా ఆగింది. వెనక్కి వెళ్ళే వేళ దాటిపోయింది కాబట్టి అత్త అలాగే నిలబడింది.

అధికారి ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. లేచి దగ్గరికొచ్చి ఉన్ని మీద చెయ్యి వేశాడు, చేతితొడుగు కూడా లేకుండా. ఫోను తీసి ఫొటో తెరిచి, కోటు పక్కన పెట్టి, కళ్ళు చిట్లించి పోల్చాడు.

“కొత్తది కుట్టించుకున్నారా అమ్మా? మంచి పని చేశారు. రంగు కూడా అదే పట్టారే. కానీ దానికీ దీనికీ చాలా తేడా ఉంది. ఇదిగో, అసలుది చూడండి” అని ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు.

అత్త ఆ తిన్నని కోటును శ్రద్ధగా చూసింది. “అవును బాబూ. ఎంతైనా అసలుది వేరు” అంది.

ఆయన తృప్తిగా ఫోను జేబులో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

“ఊరందరికీ కుడతారు, ఇంట్లో ఆవిడ కోటు మాత్రం ఇలా వంకరగా వదిలేశారేం మాస్టారూ? మా పని అయ్యాక ఆ ఎడమ భుజం కాస్త ఎత్తి కుట్టండి, పాపం.”

“తప్పకుండా సార్” అన్నాడు మామయ్య. “మీదయ్యాకే మొదలుపెడతాను.”