అద్దాల బీరువాలో యూరియా

“మనిషికి ఆధార్ ఉన్నట్టే మట్టికీ ఒక నంబరుండాలి. ఆ నంబరు చూసి భావితరాలు దణ్ణం పెట్టాలి” అని మా మామయ్యగారు హనుమంతరావుగారు వీధరుగు మీద నిలబడి ప్రకటించారు. అప్పటికి నాకు పెళ్ళయి నలభై రెండు రోజులు. అంత లేత కాపురంలో ఏది విన్నా బాగానే ఉంటుంది. భావితరాలకంటే ముందు నేనే దణ్ణం పెట్టబోయాను.

మా అత్తవారి ఊరు భీమడోలు దాటి కొల్లేరు వైపు వెళ్ళే దారిలో ఉంది. మామయ్యగారికి రెండెకరాల వరిచేను, పదెకరాల చేపల చెరువు ఉన్నాయి. ఆయనకు పేరొచ్చింది మాత్రం ప్రకృతి వ్యవసాయంలో. హాల్లో అద్దాల బీరువా నిండా ఆ పేరుతో వచ్చిన షీల్డులే. పేడ, గోమూత్రం, బెల్లం కలిపి జీవామృతం ఎలా చెయ్యాలో ఆయన గంటసేపు చెప్పగలరు. చెయ్యడం మాత్రం పెర్సిస్ చేస్తుంది. చేను ఆమెకు కౌలుకిచ్చి ఆరేళ్ళయింది. కాగితం లేదు. మామయ్యగారి మాటే కాగితం.

ఇప్పుడు ప్రతి చేనుకూ ఒక విశిష్ట సంఖ్య ఇస్తున్నారు. భూసార పరీక్ష, వేసిన పంట, కొన్న ఎరువులు, ఫోటోలు అన్నీ ఆ సంఖ్య కింద ఒకచోట చేరతాయి. నేలను ఎవరు కాపాడుతున్నారో అందరూ చూడవచ్చు. బాగా కాపాడినవారికి ఏలూరు సభలో సన్మానం. నేను బీఎస్సీ కంప్యూటర్స్ కాబట్టి ఫోనులో వివరాలు నింపే బాధ్యత నాకిచ్చారు. కలెక్టరు ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డాను.

సంగతి తెలిసి పెర్సిస్ వచ్చింది.

“చిన్నమ్మగారూ, సాగు చేసేవాళ్ళ పేరని ఒక గడి ఉంటదంటండి. అందులో నా పేరు రాయండమ్మా. పోయినేడు తుఫానుకి పంట మునిగింది నాకు, సాయం వచ్చింది అయ్యగారికి.”

నేను రాయబోతుంటే మామయ్యగారు మృదువుగా ఆపారు.

“నీ పేరు నా మనసులో రాసుకున్నాను కదమ్మా పెర్సిస్. ఫోనుల్లో రాసినవి చెరిగిపోతాయి.”

“మనసు చూపిస్తే ఆఫీసులో సాయం ఇవ్వరండి, అయ్యగారూ.”

ఆయన ఆప్యాయంగా నవ్వి, గడిలో తన పేరే రాయించారు.

“మామయ్యగారూ, ఎరువుల కొట్టులో మీరు వేలిముద్ర వేసి కొన్నవి కూడా ఈ నంబరు కిందకి వచ్చేస్తాయండి” అని మనవి చేశాను.

“రానీ అమ్మాయ్. నా జీవితం అద్దాల బీరువా” అంటూ ఆయన సమ్మతి గడిలో తనే వేలు నొక్కారు.

చివరి గడి పొలం ఫోటో. నా ఫోనులో మా ఇద్దరి ఫోటోలు మూడువందల పద్దెనిమిది ఉన్నాయి. అందులో ఒకటంటే నాకు ప్రాణం. మా చెరువుగట్టు మీద, మా ఆయన శ్రీరామచంద్ర నా జడలో కలువ పెడుతుండగా తీసుకున్నది. వెనక పచ్చటి నీళ్ళు. కూర్చోవడానికి బస్తాలు కూడా మంచి ఎత్తులో దొరికాయి. ఆ ఫోటోనే జతచేశాను.

సభకు ముందురోజే మామయ్యగారు ఏలూరులో పట్టుశాలువా కొని నిర్వాహకులకు అప్పగించారు. తీరా సన్మానం వేళ శాలువా కోసం వాళ్ళు వెతుక్కోకూడదని ఆయన ఉద్దేశం. మర్నాడు ఆయన కారులో, మేము బైకు మీద, పెర్సిస్ బస్సులో వెళ్ళాం.

వ్యవసాయాధికారి సమ్రీన్‌గారు తెర మీద మా చేను నంబరు తెరిచారు.

“నేల గుల్లగా ఉంది. వానపాములున్నాయి. చాలా బాగా చూసుకుంటున్నారు.”

చప్పట్లు. మామయ్యగారు శాలువాకు అనువుగా భుజాలు సర్దుకున్నారు.

“ఈ సీజనులో కొన్న యూరియా, ముప్పై ఎనిమిది బస్తాలు” అని ఆమె తరువాతి వరుస చదివి ఆగారు. “రెండెకరాలకి ఇంత పోస్తే వరి మాడిపోవాలి కదండీ. ఈ చేను సాగు చేసేది మీరేనా?”

అద్దాల బీరువాకు చెమటలు పట్టాయి.

“అబ్బే, నేను కాదండీ. ఆరేళ్ళుగా పెర్సిస్సే చేస్తోంది. ఆ చేనులో నేను కాలు పెట్టి ఎరగను.”

చివరి వరుసలో పెర్సిస్ లేచింది.

“యూరియా సంగతి తరవాత చూద్దారండి. ముందు ఆ మాట రాసుకోండి మేడం. లేపోతే అయ్యగారు మళ్ళీ మనసులో పెట్టేసుకుంటారు.”

సమ్రీన్‌గారు అక్కడికక్కడే గడిలో పేరు మార్చి, మామయ్యగారి చేత వేలిముద్ర వేయించారు. తరువాత పొలం ఫోటో నొక్కారు.

సినిమా తెరంత తెర మీద నేను, మా ఆయన, కలువపువ్వు. నేను సిగ్గుతో మా ఆయన వెనక దాక్కున్నాను.

“జంట ముచ్చటగా ఉందండీ. ఇంతకీ కూర్చున్నది వేటి మీద?” అన్నారు సమ్రీన్‌గారు.

యూరియా బస్తాల మీద. మా ప్రాంతంలో ఇక విడమరిచి చెప్పక్కర్లేదు. యూరియా చల్లితే చెరువు నీళ్ళు పచ్చబడతాయి, ఆ పచ్చదనం తిని చేపలు బలుస్తాయి. సబ్సిడీ యూరియా చేలకే ఇస్తారు, చెరువులకు ఇవ్వరు. అందుకే మామయ్యగారు చేను పేరున కొని చేపలకు పెట్టారు.

“చేపలూ ప్రకృతిలో భాగమేగా అండీ” అన్నారెవరో వెనకనుంచి.

మామయ్యగారి చేతికి నోటీసు వచ్చింది. ఆయన కొన్న శాలువా పెర్సిస్ భుజాల మీదకు వెళ్ళింది. ఆమె శాలువా సంగతి పట్టించుకోలేదు. తెర మీద తన పేరును ఫోటో తీసుకుని, అక్షరాలు పెద్దవి చేసి, సరిగ్గా ఉందా అని నాచేత రెండుసార్లు చదివించుకుంది.

మర్నాడు పొద్దున్న మామయ్యగారు మళ్ళీ వీధరుగు ఎక్కారు.

“ఈ చుట్టుపక్కల కౌలురైతు పేరు స్వయంగా వేలిముద్ర వేసి నమోదు చేయించిన మొట్టమొదటి భూస్వామిని నేనే. అమ్మాయ్, దీనికేదైనా షీల్డు ఉందేమో ఫోనులో చూడు.”

“ఉందండి మామయ్యగారూ. ఒక ఫోటో జతచెయ్యమంటున్నారు.”

ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు.

“ఫోటో నేనే ఎంచుతాను” అన్నారు.