ఇన్‌స్పెక్టరు గారి దయ

ఒక పెద్ద అడవిలో, వాగు గట్టున ఓ పోలీసు స్టేషన్ ఉండేది. అందులో గురవయ్య అనే ఎలుగుబంటి కానిస్టేబులు. పొద్దున్నే అతను చేసే మొదటి పని, చూపు తగ్గిన ముళ్ళపంది అవ్వను వాగు దాటించడం. అవతలి గట్టున వైద్యం చేసే కొండముచ్చు ఆమె కళ్ళలో పసరు పోసేవాడు. ఒక్కరోజు మానినా ఉన్న చూపు కూడా పోతుందని చెప్పాడు.

"అవ్వా, నేను గురవయ్యను" అంటూ వంగేవాడు కానిస్టేబులు. అవ్వ తడుముకుంటూ వీపెక్కేది. ఆమె ముళ్ళు బుద్ధిగా పడుకునే ఉండేవి.

ఇలా ఉండగా సింహరాజు గారి సర్క్యులర్ వచ్చింది. అడవి మొత్తంలో దయగల పోలీసుకు పతకం. రుజువుగా ఫొటో జతచేయాలి.

ఇన్‌స్పెక్టరు నక్క దాన్ని రెండుసార్లు చదివాడు. అద్దం ముందు దయగా నవ్వడం ప్రాక్టీసు చేశాడు. గురవయ్యను పిలిచాడు.

"రేపు ముసలమ్మను నేను మోస్తాను. నువ్వు గట్టు మీద నిలబడి జనాన్ని అదుపు చెయ్యి. అక్కణ్ణుంచి కదిలావో, మెమో ఇస్తాను."

"సరే సార్. కాకపోతే ముందు ఆమెను పలకరించి..."

"దయ ఎలా చూపించాలో నువ్వు నాకు నేర్పుతావా?"

గురవయ్య బెంగగానే సెల్యూట్ కొట్టాడు.

మర్నాడు విలేకరి కాకి కెమెరాతో వచ్చింది. నక్క మాటా పలుకూ లేకుండా అవ్వను రెండు చేతులతో ఎత్తుకుని వాగులో దిగాడు.

"సార్, ఇంకాస్త దగ్గరికి తీసుకోండి" అంది కాకి.

నక్క గుండెకు హత్తుకున్నాడు. ఎవరో ఎత్తుకుపోతున్నారని అవ్వ హడలిపోయింది. ఒంటిమీద ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి. నక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాకి ఫొటో తీసింది. ఆ మరుక్షణమే నక్క కెవ్వుమని చేతులు వదిలేశాడు. అవ్వ ప్రవాహంలో కొట్టుకుపోసాగింది.

పదిహేనేళ్ళ సర్వీసులో గురవయ్య ఆర్డరు దాటి ఎరగడు. ఇప్పుడు దూకేశాడు. అవ్వ ముళ్ళు లోతుగా గుచ్చుకుంటున్నా పట్టు వదలకుండా, తిన్నగా కొండముచ్చు దగ్గరికి చేర్చాడు. ఆ పూట పసరు తప్పలేదు.

తిరిగొచ్చేసరికి మెమో సిద్ధంగా ఉంది. నక్క బల్లకు ఆనుకోలేక, దూరంగా నిలబడి సంతకం పెట్టాడు. గురవయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కదలకండి సార్. నొప్పనిపిస్తే చెప్పండి" అంటూ ఇన్‌స్పెక్టరు ఛాతీలోంచి ముళ్ళు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు.

పత్రికలో ఫొటో వచ్చింది: 'అవ్వను చూసి కంటతడి పెట్టిన ఇన్‌స్పెక్టరు'. సింహరాజు కరిగిపోయాడు. స్వయంగా పతకం తెచ్చాడు గానీ, గుచ్చడానికి నక్క ఛాతీ మీద కట్టు లేని చోటు దొరకలేదు.

పతకంతో పాటు ఒక ఉత్తర్వు కూడా ఇచ్చాడు. ఇంతటి దయ ఒక్క అవ్వకే పరిమితం కాకూడదు. రేపట్నుంచి అడవిలోని ముళ్ళపందులన్నిటినీ ఇన్‌స్పెక్టరు గారే స్వయంగా వాగు దాటించాలి.

తెల్లవారేసరికి స్టేషన్ ముందు నలభై ముళ్ళపందులు వరసకట్టాయి. అవ్వ మాత్రం ఆ వరసలో లేదు. అప్పటికే గురవయ్య వీపు మీద సగం వాగు దాటింది.

నీతి: దయగలవారని పేరు రాకుండా జాగ్రత్తపడండి, వస్తే నిజంగానే దయ చూపించాల్సి వస్తుంది.