మాలక్ ఇంటి కొండలు

ఆ పొద్దున సిద్ధరాములు కోరుకున్నది చిన్నదే. సాంచ మగ్గం మీంచి దిగిన మొదటి గోడబొమ్మను ఆ మగ్గం యజమాని మాలక్ వాసుదేవ్‌కు చూపించి, సరేననిపించుకుని, నిమ్మళంగా చాయ్ తాగడం. మాలక్ ముత్తాత ఏ తెల్లదొర దగ్గరో సంపాదించిన నూటయాభై ఏళ్ల నాటి చిత్రం దానికి మూలం. పైన నిట్టనిలువు రాతికొండలు, కింద చెరువులో వాటి నీడలు. కూతురి పెళ్లికొచ్చే చుట్టాలకు ఆ బొమ్మే నేయించి, అడుగున ఇంటిపేరు వేయించి పంచాలని మాలక్ ముచ్చట. తేడా వస్తే సాంచ ఇంకో నేతగాడు పెంటయ్యకు ఇచ్చేస్తానని ముందే చెప్పాడు.

గుమ్మంలో బీడీలు చుడుతున్న భార్య చంద్రభాగ ఫోన్లో మాలక్ ఇంటి హాలు ఫొటో చూసి చెయ్యి ఆపింది.

“ఏందయ్యా, వాళ్లింట్ల పెద్ద కొండ కుడి దిక్కున్నది. నువ్వు ఎడమకు నేసినవ్?”

సిద్ధరాములు ఫోన్ లాక్కుని చూశాడు. డిజైన్ ఎక్కించేటప్పుడు ఫొటో తలకిందులైంది; కొండలూ నీడలూ ఒక్కలాగే ఉండేసరికి తెలియలేదు.

“ఉల్టా అయిందే! సాంచ పోయినట్టే!”

“తిప్పి తగిలియ్యరాదు?”

“పేరు తలకిందులైతది గదనే!”

“దాని మీద పూలదండ ఎయ్యి. ఎవరికి కనవడ్తది?”

బొమ్మను తిప్పి తగిలించి, పైకి వచ్చిన పేరు మీద దండ వేశాడు. అప్పుడే పక్కింటి సీతాబాయి తొంగిచూసింది. గోడ మీద దండ, కింద మొగుడూ పెళ్లాల ఏడుపు మొహాలు.

“అయ్యో, ఎవలు పోయిండ్రు?”

“అంతా పోయిందక్కా...” అన్నాడు సిద్ధరాములు.

ఆమె శోకం అందుకుంది. గల్లీ ఆడవాళ్లు వచ్చి తోడయ్యారు. రంగులు సరిచూడ్డానికి అసలు చిత్రం చంకన పెట్టుకుని వచ్చిన మాలక్‌కు ఈ సంబరం ఎదురైంది.

“పెండ్లి ముందర మా బొమ్మకు దండేంది! బుద్ధున్నదా?” అంటూ దండ లాగేశాడు. తలకిందులుగా ఇంటిపేరు. సిద్ధరాములు కళ్లు మూసుకున్నాడు.

“మా కొండలు గిట్లుంటయి. నువ్వేమో గిట్ల నేసినవ్!” అని మాలక్ తన చిత్రాన్ని తిప్పి పట్టి చూపించబోయాడు.

ఆగిపోయాడు. ఇంతకాలం పైన మబ్బుల్లో పక్షులనుకున్న గీతలు కిందికి దిగి అక్షరాలయ్యాయి. చిత్రకారుడి సంతకం, పక్కనే 1870.

మాలక్ చిత్రాన్ని గబుక్కున మళ్లీ చంకన పెట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు.

“సిద్ధరాములూ, ఈ ముచ్చట బైటికి పోవద్దు. తరాల సంది సోలాపూర్ పెద్దమనుషులంతా మా ఇంట్ల గట్లనే చూసి మెచ్చుకున్నరు. నువ్వు గూడ గట్లనే నెయ్యి. సాంచ నీదే.”

మర్నాటి నుంచి సిద్ధరాములు ఎంతో శ్రద్ధగా, ఏ పొరపాటూ రాకుండా, కొండలను తలకిందులుగా నేశాడు.