హేమ గవ్వను విడిచిన వీరగాథ

ఉప్పుమడులపై మధ్యాహ్న మార్తాండుడు తెల్లగా మండుచుండగా, సముద్రపు గాలి కిటికీ రెక్కలను టపటప బాదుచుండగా, నౌపడ దాపున ఒకానొక ఉన్నత పాఠశాలయందు, పదవ తరగతి బి సెక్షనున, భోజనానంతర నిద్రాసుఖపరవశులైన ముప్పదియిద్దరు విద్యార్థుల సమక్షమున జరిగిన ఘోర సంగ్రామమును చెప్పెదను. ఆవులింప దలచినవారు ఇప్పుడే ఆవులించి రండు.

ఆ రణరంగమున నిలిచినది హేమ. ఖోఖో క్రీడాధురంధర, మెరుపు మడమల మహావీర, పరుగెత్తెనేని తన నీడకే దొరకని మేటి. అయినను రసాయన సమీకరణము కంటబడిన తోడనే కాళ్లు చల్లబడు భీరువు. మరికొద్దిసేపటిలోనే జట్టు నెల్లిమర్ల పోటీలకు రైలెక్కవలెను. ఒక్క సమీకరణమైనను తుల్యము చేయనివారికి ప్రయాణము లేదని సైన్సు మాస్టారు మోహనకృష్ణ భీష్మించి కూర్చుండెను. హేమ లేని జట్టు ఉప్పు లేని చారు. అందుచేత వ్యాయామోపాధ్యాయుడు అసిరయ్య గుమ్మమున నిలిచి, ఈల నోట కరచుకొని, గడియారమును కొరకొర చూచుచుండెను.

నల్లబల్లపై శత్రువు: ఉదజని, ప్రాణవాయువు కలిసి నీరగుట. చిన్నదే. చీమయు చిన్నదే, చెవిలో దూరించుకొన్నవాని నడుగుడు.

పుస్తకముతో పోరి పోరి ఓడిన మాస్టారు ఆ దినమున వామనగుంటల పీటను ఆయుధముగా దెచ్చెను. చింతపిక్క ఉదజని, అనగా హైడ్రోజను; గవ్వ ప్రాణవాయువు, అనగా ఆక్సిజను; ఒక్కొక్క గుంట ఒక్కొక్క అణువు. ఇటు వరుసలో ఒక గుంటలో రెండు పిక్కలు, పక్క గుంటలో రెండు గవ్వలు. అటు వరుసలో రెండు పిక్కలకు ఒక గవ్వ తోడైనచో నీరు.

“ఆడవే హేమా. ఇటున్నవి ఇటు మిగలకూడదు. అన్నీ అటెల్లిపోవాల,” అనెను మాస్టారు.

హేమ పిక్కలు రెండును, గవ్వ యొకటియు అటు చేర్చెను. నీరు పుట్టెను. ఇటు ఒక గవ్వ ఏకాకియై మిగిలెను. అంతట, అమ్మమ్మ గున్నమ్మ యొద్ద ఈ ఆటలో ఏడేండ్లు శిక్షణ పొందిన ఆ హస్తము, బుద్ధిని అనుమతి యడుగకయే, ఖాళీయైన పిక్కల గుంటను సర్రున తుడిచి, పక్క గుంటలోని గవ్వను గుప్పిట బంధించెను.

“అయిపోనాది సార్!”

“ఇటు రెండు గవ్వలుండేవి, అటు ఒకటే ఉన్నాది. రెండోది ఏటైనాదే?”

“గెలిసేసినాను సార్! కాళీ గుంట తుడిస్తే పక్క గుంట మనదే కదా!”

తరగతి గొల్లుమనెను. వెనుక బల్లపై యోగనిద్రయందున్న యుగంధరుడు సైతము లేచి నవ్వెను.

మాస్టారు కుంటికాలి కుర్చీనుండి లేచి గర్జించెను: “ఒసే! ఏ పొయ్యిలో మంటా, ఏ అడివిలో కార్చిచ్చూ ఒక్క పరమాణువునైనా మాయం సెయ్యలేకపోనాది. నువ్వు గుప్పిట్లో ఎట్టుకుపోతావా? ఈ ఆటలో గెలుపు లేదు, ఓటమి లేదు. ఎన్నుంటే అన్నీ ఉండాల!”

“బండి టైమైపోతన్నాది సార్! ఒక్క గవ్వే కదా, ఒగ్గేయండి!” అని అసిరయ్య మొరపెట్టెను.

“ఒగ్గాల్సింది నేను కాదు, అది!”

గెలిచినదానిని తిరిగి యిచ్చుట గున్నమ్మ వంశమున ఎవ్వరును ఎరుగని అవమానము. హేమ కన్నులు చెమ్మగిల్లెను. నవ్వకుడు; చేత చిక్కిన గవ్వను విడుచుట మీకును నాకును చేతనైన పని కాదు. పట్టాలపై రైలు, గుప్పిట గవ్వ. వ్రేలు తరువాత వ్రేలు విప్పి, అటు వరుసన కొత్త గుంటలో దానిని ఉంచెను. ఒంటరిదైన ఆ గవ్వను తేరిపార చూచెను. చూచి చూచి, ఒక్కసారి బల్ల చరచెను.

“సార్, దీనికి పిక్కల్లేవు! ఇంకో రెండు పిక్కలియ్యండి!”

మాస్టారు ఇటు వరుసన మరొక గుంటలో రెండు పిక్కలు పోసెను. హేమ వానిని గవ్వకు జతచేసెను. ఇటు బయలుదేరిన నాలుగు పిక్కలు, రెండు గవ్వలు, ఒక్కటియు దారి తప్పక అటు చేరినవి. సుద్దముక్క నందుకొని, ఉదజనికి ముందొక రెండు, నీటికి ముందొక రెండు, బల్ల అదరునట్లు చెక్కెను.

“ఎన్ని లెక్కలు సేసినావే?” అని అసిరయ్య యడిగెను.

“ఒకటే సార్!” అని హేమ స్టేషను దిక్కునకు లంఘించెను.

వినుడు, దిక్పాలకులారా! కోట యేదియు కూలలేదు, కిరీట మేదియు దొర్లలేదు. పుట్టినది రెండే రెండు అణువుల నీరు, అదియు చింతపిక్కలది, దానితో నాలుక కూడ తడవదు. అయినను జయము, జయము! పుట్టి బుద్ధెరిగిన తరువాత హేమ ఒట్టి చేతులతో గెలిచిన మొదటి ఆట ఇదియే.