గాలి ఎక్కువైంది

ఆ ఉదయం లెక్కల టీచరుగారి ప్రణాళిక చాలా చిన్నది. ఇస్త్రీ బట్టలు వేసుకోవడం, కారెక్కడం, పదకొండింటికల్లా ఊరవతల కొత్త స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ ఉద్యోగం ఇంటర్వ్యూకి హాజరవడం. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన అవకాశం. అటువైపు బస్సుల్లేవు. ఇంట్లో కారు ఉంది. దురదృష్టవశాత్తూ, కార్ల గురించి అన్నీ తెలిసిన భర్త కూడా ఉన్నారు.

భర్తగారిది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. అక్కడ ఆయన్ని సర్వజ్ఞుడు అంటారు, ఆయన దాన్ని పొగడ్త అనుకుంటారు. పోయిన ఆదివారం వీడియో చూస్తూ ఇంజనంతా విప్పి తుడిచారు. తిరిగి బిగించాక ఒక క్లిప్పు మిగిలింది. "కంపెనీవాళ్ళు ఎప్పుడూ ఒకటి ఎక్కువే పెడతారు" అంటూ దాన్ని పెన్నుల డబ్బాలో పడేశారు. మర్నాటి నుంచీ కారు దగ్గడం మొదలుపెట్టింది, స్టీరింగు ముందు పసుపు దీపం వెలిగింది. ఈ రెండింటికీ ఆ క్లిప్పుకీ సంబంధం ఉందేమోనని అనుమానించేంత చిన్న బుద్ధి ఆయనది కాదు.

కారు జబ్బు కనిపెట్టడం కోసమే కొన్న స్కానర్‌ని కారుకు తగిలించి, డాక్టరు నాడి చూసినట్టు కళ్ళు మూసి తెరిచారు.

"చూశావా? ఎయిర్ ఫ్యూయల్ సెన్సార్! ఇంజన్లోకి గాలి ఎక్కువ పోతోంది, దానికి తగ్గ పెట్రోలు లేదు అంటోంది."

"నిజంగానే ఎక్కువ పోతోందేమోనండీ?"

"ఎలా పోతుంది? బిగించింది నేను కదా! సెన్సారే అబద్ధం చెప్తోంది. మార్చి పారేయాలి."

వెంటనే మెకానిక్‌కి ఫోన్ చేసి, ఫోను లేకపోయినా వినబడేంత గట్టిగా అరిచారు. "గాలి ఎక్కువైందయ్యా! అదే దీని జబ్బు! కొత్త సెన్సార్ పట్టుకుని రా!"

మెకానిక్ ఎంతవరకు విన్నాడో గాని, వంటింట్లో కాఫీ తాగుతున్న మామగారు, అంటే టీచరుగారి నాన్నగారు, మాత్రం పూర్తిగా విన్నారు. అల్లుడి మాట ఆయనకి వేదవాక్కు. కప్పు కింద పెట్టి, పెరటి గుమ్మంలోంచి బయటికెళ్ళి, నాలుగు చక్రాలకీ సమన్యాయం చేశారు.

సర్వజ్ఞుడు బయటికొచ్చేసరికి కారు నేలకి కరుచుకుని ఉంది. సరిగ్గా అప్పుడే ఎదురింటాయన కారు తాళాలు ఊపుకుంటూ ఇటే వస్తున్నారు. ముందురోజే ఇద్దరికీ పార్కింగ్ దగ్గర మాటా మాటా వచ్చింది. సాక్ష్యం ఇంకేం కావాలి?

"మాట పడలేక చక్రాల మీద కక్ష తీర్చుకుంటారా? సిగ్గుండాలండీ!"

ఎదురింటాయన తాళాలు ఊపడం ఆపేశారు. "మీ అరుపులు విని, పాపం మేడమ్‌గారికి ఇంటర్వ్యూ కదా, దింపేద్దామని వచ్చానండీ! ఇక మీరూ, మీ చక్రాలూ!" అని వెనక్కి తిరిగి, తన కారెక్కి వెళ్ళిపోయారు.

ఆ దుమ్ము అణగకముందే మామగారు చేతులు దులుపుకుంటూ వచ్చారు. "అల్లుడుగారూ, గాలి మొత్తం తీసేశానండీ. చాలా, ఇంకా తీయాలా?"

గుమ్మంలో నిలబడ్డ టీచరుగారు సందు మలుపు తిరుగుతున్న ఎదురింటివారి కారుని చూసింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి కూడా టైము లేదని మింగేసింది.

మెకానిక్ వచ్చాడు. కస్టమరు మాటకి ఎదురు చెప్పకపోవడం అతని వృత్తిధర్మం. పీకేముందు పరీక్షించడం మాత్రం ఆ ధర్మంలో లేదు. చక్రాలకి గాలి కొట్టి, పాత సెన్సార్ ఊడదీసి, కొత్తది బిగించాడు. ఇంజను మళ్ళీ దగ్గింది. స్కానర్ మళ్ళీ అదే మాట చెప్పింది.

"ఇదీ అబద్ధాలకోరే!" అన్నారు భర్తగారు.

"అంతే సార్, ఈ మధ్య సరుకు మంచిది రావట్లేదు," అన్నాడు మెకానిక్.

ఇంకో సెన్సార్ తెప్పించే ఆలోచన సాగుతుండగా టీచరుగారు పెన్ను కోసం లోపలికెళ్ళింది. పెన్నుల డబ్బాలో చెయ్యి పెడితే వేలికి ఇనుప క్లిప్పు గుచ్చుకుంది. దాన్ని పట్టుకుని బయటికొచ్చింది.

"ఇదేంటండీ?"

"అదా, ఇంజన్లో కంపెనీవాళ్ళు ఎక్కువ పెట్టింది!" అన్నారు సర్వజ్ఞుడు. మెకానిక్ మళ్ళీ బానెట్ ఎత్తి, ఈసారి వెతికి చూశాడు. ఇంజన్లోకి గాలి వెళ్ళే రబ్బరు గొట్టం ఒక చివర ఊడి, దొరికిన గాలినంతా దొంగతనంగా పీల్చుకుంటోంది. గొట్టం ఎక్కించి క్లిప్పు తగిలించగానే దగ్గు ఆగింది. స్కానర్‌తో పాత ఫిర్యాదు చెరిపేస్తే దీపం కూడా ఆరింది. టీచరుగారు ఎవరి వైపూ చూడకుండా కారెక్కి వెళ్ళిపోయింది.

ఆలస్యంగానే చేరింది. లోపలున్న ముగ్గురూ ముఖాలు ముడుచుకుని కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన విసుగ్గా అడిగారు. "క్లాసులో ఒక పిల్ల అస్తమానం ఫిర్యాదులే చేస్తుంటే ఏం చేస్తారు?"

"ముందు ఆ పిల్ల చెప్పేది నిజమేమో చూస్తానండీ," అంది టీచరుగారు. "పొద్దున మా ఇంట్లో అది చూడకుండా, ఫిర్యాదు చేసినదాన్నే పీకి పారేశారు. అందుకే ఆలస్యమైంది."

ఏమిటా కథ అని అడిగి, మొత్తం విని, పగలబడి నవ్వి ఉద్యోగం ఇచ్చేశారు.

సాయంత్రం భర్తగారు హాలు మధ్య నిలబడి, ఛాతీ విరుచుకుని తేల్చి చెప్పారు. "అసలు నేనా క్లిప్పు జాగ్రత్తగా దాచకపోతే నీకీ జవాబు దొరికేదా? ఆ ఉద్యోగం నేనిప్పించినట్టే!"

టీచరుగారు తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, మళ్ళీ గాలి ఎక్కువైంది."

మామగారు వెంటనే లేచి అల్లుడి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు గాని, గాలి తీసే వాల్వు ఎక్కడా దొరకలేదు.